ఆకాశంలో 500, పట్టాల మీద 700



మొన్న ఆదివారం కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కుంటుంటే పైన విమానం పోయింది. "అది విశాఖ నుంచి హైదరాబాద్ పోతోంది, అరగంటలో దిగిపోతుంది" అన్నాడు ఒకడు. "కాదు, గంట పైనే" అన్నాడు ఇంకొకడు. పందెం దాకా వచ్చింది. లెక్కల మాష్టారు విని "అరుచుకోకండిరా, అట్లాసు తీసి లెక్క కట్టండి" అన్నారు. కట్టాం. ఇదే ఆ లెక్క.

1. సూటి దూరం

హైదరాబాద్ 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖపట్నం 83.2 డిగ్రీల మీద ఉంది. తేడా 4.7 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ అంటే 111 కి.మీ. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి మన దగ్గర సుమారు 106 కి.మీ.

4.7 × 106 = 498.

అక్షాంశాల్లో తేడా చాలా తక్కువ. అది కలిపినా సుమారు 500 కి.మీ. దీన్నే వైమానిక దూరం అంటారు.

రైలుకి మాత్రం సుమారు 700 కి.మీ. ఎందుకంటే రైలు వరంగల్ మీదుగా కిందికి విజయవాడ దిగి, అక్కడ నుంచి రాజమండ్రి, తుని మీదుగా మళ్ళీ పైకి రావాలి. మధ్యలో ఉన్న కొండలు, అడవులు విమానానికి అడ్డం కావు.

2. పట్టే సమయం

జెట్ విమానం పైకి వెళ్ళాక గంటకు సుమారు 800 కి.మీ. పోతుంది. ఆ లెక్కన 500 కి.మీ.కి 38 నిమిషాలు చాలు. కానీ టైంటేబుల్లో సుమారు గంటంపావు ఉంటుంది! కారణాలు: టైంటేబుల్లో రాసేది గాల్లోకి లేచే టైము కాదు, నిలిచినచోటు నుంచి కదిలే టైము. రన్‌వే దాకా మెల్లగా పోవాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంత వేగం ఉండదు. దిగే ముందు ఒక్కోసారి చుట్టు తిరగాలి. అందుచేత పందెం రెండోవాడే గెలిచాడు.

3. ఇంటి నుంచి ఇంటికి

విమానాశ్రయానికి పోవడానికి గంట, అక్కడ ముందుగా వెళ్ళి ఆగడం రెండు గంటలు, ప్రయాణం గంటంపావు, దిగాక సామాను తీసుకుని ఊళ్ళోకి పోవడానికి ఇంకో ముప్పావు గంట. మొత్తం 5 గంటలు. అంటే గంటకు 100 కి.మీ. మాత్రమే! 2023లో మొదలైన సికింద్రాబాద్ - విశాఖ వందేభారత్ రైలు ఎనిమిదిన్నర గంటల్లో చేరుతుంది. దాని సగటు వేగం గంటకు 82 కి.మీ. తేడా మనం అనుకున్నంత లేదు.

4. మన ఊరి లెక్క

మా ఊరి నుంచి తారురోడ్డుకి సూటిగా 2 కి.మీ. నడిచే దారి 6 కి.మీ. మధ్యలో రెండు గెడ్డలు. కిందటి వానాకాలం మా పిన్నికి నొప్పులొస్తే డోలీలో మోసుకొచ్చారు. 4 గంటలు పట్టింది. ఆ సేపట్లో విమానం హైదరాబాద్ పోయి, తిరిగి రాగలదు. తెల్లారకముందే బయల్దేరబట్టి తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు.

కాబట్టి "ఎన్ని కిలోమీటర్లు?" అని ఒక్కటే అడిగితే చాలదు. "ఎంతసేపు?" అని కూడా అడగాలి.

మీరు చేయండి: ఈ పేజీ కింద అంటించిన తెల్లకాగితంలో మీ ఊరి పేరు, రోడ్డుకి నడక దూరం, ఎండాకాలం ఎంతసేపు, వానాకాలం ఎంతసేపు అని రాయండి. వార్డెన్ సారు దగ్గర ఆ పట్టిక ఉంటే పండగ సెలవుల నుంచి ఎవరు ఎందుకు ఆలస్యమయ్యారో తెలుస్తుంది. ఎవరికైనా జబ్బు చేస్తే ఎప్పుడు బయల్దేరదీయాలో కూడా తెలుస్తుంది.

- 9వ తరగతి విద్యార్థి