సూపర్‌మ్యాన్ ఎవరిది? తోకచుక్క ఎవరిది?

1938 మార్చి 1న క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు ఇద్దరు ఒక కాగితం మీద సంతకం పెట్టారు. జెర్రీ సీగల్ కథలు రాసేవాడు, జో షుస్టర్ బొమ్మలు వేసేవాడు. ఇద్దరికీ ఇరవై మూడేళ్లు. పదమూడు పేజీల కథకి పేజీకి 10 డాలర్ల లెక్కన మొత్తం 130 డాలర్లు వచ్చాయి. కథతో పాటు అందులో ఉన్న క్యారెక్టర్ కూడా శాశ్వతంగా కంపెనీకి వెళ్లిపోయింది. ఆ క్యారెక్టరే సూపర్‌మ్యాన్. (మన ఎన్టీఆర్ 1980లో చేసిన 'సూపర్‌మ్యాన్' వేరు. ఆయనకి శక్తులిచ్చింది ఆంజనేయస్వామి, ఆ కాపీరైట్ కోసం ఎవరూ కోర్టుకెళ్లలేరు!)

1947లో ఇద్దరూ కేసు వేశారు. మరుసటి ఏడు సుమారు 94,000 డాలర్లకి రాజీ అయ్యింది, కానీ కామిక్స్ మీద వాళ్ల పేర్లు మాయమయ్యాయి. 1974లో ఇంకో కేసు కూడా ఓడిపోయారు. 1975లో సూపర్‌మ్యాన్ సినిమా తయారవుతోందని తెలిసి, తమ పరిస్థితి పేపర్ల వాళ్లకి చెప్పుకున్నారు. పరువు పోతుందని కంపెనీ దిగొచ్చింది. ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్లు ఇస్తామని, సృష్టికర్తలుగా పేర్లు మళ్లీ వేస్తామని ఒప్పుకుంది. కోర్టులో రానిది పేపర్లో వచ్చిందన్నమాట. వాళ్లు చనిపోయాక కుటుంబాలు కొట్లాడాయి. 2008లో సీగల్ కుటుంబానికి వాటా ఉందని ఒక కోర్టు అంది. 2013లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. కారణం, 2001లో వాళ్ల లాయర్ రాజీకి ఒప్పుకుంటూ రాసిన ఒక ఉత్తరం. అంటే మళ్లీ ఒక కాగితమే. ఇంతకీ ఆ 130 డాలర్లు కలిసి ఉన్న చెక్కు 2012లో వేలంలో 1,60,000 డాలర్లకి అమ్ముడుపోయింది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవచ్చు. రాంనగర్‌లో మా ఇంట్లో తాతయ్య బైండ్ చేయించిన పాత చందమామలు ఉన్నాయి. నాది ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఒక్కో పేజీకి చాలా టైం పడుతుంది, అయినా 'పాతాళదుర్గం' వదల్లేకపోయాను. రాసిందెవరో చూద్దామని వెనక్కీ ముందుకీ తిప్పాను. ఎక్కడా లేదు.

రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో మొదలైన 'తోకచుక్క' నుంచి 'రాకాసిలోయ' మీదుగా ఎన్నో సీరియళ్లు ఆయనవే. యాభై ఏళ్లకు పైగా చందమామలో ఉద్యోగం చేశారు, 2010లో చనిపోయారు. అచ్చయినప్పుడు సీరియల్ మీద ఆయన పేరు లేదు. మరి అవి ఎవరివి? ఉద్యోగి రాశాడు కాబట్టి అన్నీ కంపెనీవే అని నేను అనుకున్నట్టే మీరూ అనుకుంటారు. మన 1957 కాపీరైట్ చట్టం అలా అనడం లేదు. సెక్షన్ 17లో పత్రిక ఉద్యోగులకి విడిగా ఒక రూల్ ఉంది. పత్రిక కోసం రాసిన కథ మీద యజమానికి ఉండేది పత్రికల్లో వేసుకునే హక్కు మాత్రమే. పుస్తకం, సినిమా వగైరా మిగతా హక్కులు రచయితవే. వేరే ఒప్పందం రాసుకుంటే మాత్రం ఆ ఒప్పందమే చెల్లుతుంది. ఈ చట్టం 1958లో అమల్లోకి వచ్చింది కాబట్టి 'పాతాళదుర్గం' లాంటి తర్వాతి సీరియళ్లకి ఇదే లెక్క. ఇప్పుడు ఆ సీరియళ్లు ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి.

మా రాంనగర్ చేపల మార్కెట్ తెలిసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చేప మొత్తం ఒకరే కొనక్కర్లేదు. తల ఒకరికి, నడుం ముక్కలు ఇంకొకరికి. కాపీరైట్ కూడా అంతే, పుస్తకానికి, సినిమాకి, టీషర్టు మీద బొమ్మకి వేరువేరుగా అమ్మొచ్చు. పైగా ఎన్నేళ్లకో కూడా చెప్పి అమ్మొచ్చు. మన చట్టంలో సెక్షన్ 19 ప్రకారం హక్కులు ఇచ్చేది రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. సీగల్, షుస్టర్ కాగితంలో 'శాశ్వతంగా' అని రాసి ఉంది, అదే వాళ్ల కొంప ముంచింది. ఇక సెక్షన్ 57 ప్రకారం హక్కులన్నీ అమ్మేసినా 'ఇది నేనే రాశాను' అని చెప్పుకునే హక్కు రచయితకి మిగిలే ఉంటుంది. నాకు ఈ చట్టంలో బాగా నచ్చింది ఇదే.

సీఎస్ వాళ్లకి అసలు సంగతి ఇప్పుడు. మన చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య కృతే. నా పైథాన్ కోడ్, దాసరి గారి సీరియల్ ఒకే కేటగిరీ (ఈ మాట మా క్లబ్ సీనియర్లకి చెబితే కొడతారేమో). కానీ పత్రిక ఉద్యోగులకి ఉన్న రూల్ మనకి లేదు. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి నుంచే కంపెనీది. జీతం తీసుకుని రాశాం కాబట్టి అందులో అన్యాయం ఏమీ లేదని నా అభిప్రాయం. చిక్కల్లా ఉద్యోగం బయట రాసినదాని దగ్గర వస్తుంది. హాస్టల్లో రాత్రిపూట కట్టిన యాప్, సెకండియర్‌లో గిట్‌హబ్‌లో పెట్టిన గేమ్, అందులో మీరు పుట్టించిన హీరో, ఇవి చట్టం ప్రకారం మీవే. వాటిని మీ చేతుల్లోంచి తీసుకోగలిగింది మీ సంతకం ఉన్న కాగితమే.

ఈ సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ లెటర్లు వస్తున్నాయి. స్టైపెండ్ ఎంతో చూసి సంతకం చేసేవాళ్లే ఎక్కువ. 'ఇంటర్న్‌షిప్ కాలంలో తయారుచేసినవన్నీ' అని ఉందా, 'ఇంటర్న్‌షిప్ పనిలో భాగంగా తయారుచేసినవి' అని ఉందా చూడండి. మొదటిదైతే మీ రాత్రిపూట యాప్ కూడా అందులోకి రావచ్చు. అప్పటికే కట్టిన సొంత ప్రాజెక్టుల లిస్టు తేదీలతో రాసి, లెటర్‌కి జత చేయమని అడగండి. ఈమెయిల్‌లో అడిగితే ఇంకా మంచిది, రుజువు ఉంటుంది.