పడవ ఇంజన్‌కి సీసా మందు అవసరమా?

డీజిల్‌లో కలిపే అడిటివ్ సీసాలు పడవ ఇంజన్‌కి నిజంగా ఉపయోగపడతాయా, లేక డబ్బు దండగేనా? జవాబు ముందే చెప్పేస్తాను. బంకులో పోయించుకుని వారం పది రోజుల్లో వాడేసే డీజిల్‌కి ఏ సీసా అక్కర్లేదు. నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉండే డీజిల్‌కి మాత్రం ఒకే ఒక్క రకం పనికొస్తుంది, అదీ ట్యాంకులో నీళ్ళు తీసేశాకే. ఎందుకో చూద్దాం. (మందు అంటే ఇంజన్ మందే. హాస్టల్ బ్యాచ్ తొందరపడొద్దు.)

మనకి సముద్రమే లేదు, పడవల గొడవ ఎందుకు అంటారేమో. జనగామ, మహబూబాబాద్ వైపు చెరువుల్లో చేపలు పట్టే తెప్పలకి చాలావరకు తెడ్డే ఇంజన్. కానీ భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. వానాకాలం ఆ నీటి ముందు తెడ్డు ఏం చేస్తుంది? రోడ్డు మీద ట్రాక్టర్ ఆగిపోతే నలుగురం కలిసి పక్కకి తోస్తాం. నది మధ్యలో ఇంజన్ ఆగితే పడవ ఎటు పోవాలో నదే నిర్ణయిస్తుంది. కాబట్టి ఇది మైలేజీ లెక్క ఒక్కటే కాదు, పడవలో కూర్చున్న మనుషుల లెక్క కూడా.

ముందు బంకు డీజిల్ సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిలే అమ్ముతున్నారు. అందులో గంధకం పది లక్షల భాగాల్లో 10 భాగాలు దాటకూడదు. బీఎస్-4లో ఇది 50 దాకా ఉండేది. సీటేన్ నంబర్ కనీసం 51 ఉండాలి. ఇంజన్‌లోకి చిమ్మిన డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత అది. గంధకం తీసేసేటప్పుడు డీజిల్‌కి సహజంగా ఉండే జారుడు గుణం కూడా కొంత పోతుంది. అందుకే రిఫైనరీ వాళ్ళే అవసరమైన మందు కలిపి, ప్రమాణానికి తగ్గట్టు ఉందో లేదో పరీక్షించి పంపుతారు. అంటే మనం కొనే డీజిల్‌లో అడిటివ్ ఆల్రెడీ ఉంది. ఆ డబ్బు లీటరు ధరలోనే కట్టేశాం.

ఇక సీసాల్లో దొరికే రకాలు. ఒకటి, సీటేన్ పెంచేది. ఇప్పటికే 51 ఉన్న డీజిల్‌తో మామూలు పడవ ఇంజన్ హాయిగా నడుస్తుంది. రెండు, ఇంజెక్టర్ కడిగేది. మసి పట్టిన ఇంజెక్టర్‌కి కొంత మేలు చేయొచ్చు, శుభ్రంగా ఉన్నదానికి చేసేదేమీ లేదు. మూడు, చలికి డీజిల్ గడ్డకట్టకుండా చూసేది. లడఖ్‌లో సరే, మన జనగామ చలికి దాంతో పనేముంది? నాలుగు, ట్యాంకులో పెరిగే సూక్ష్మజీవుల్ని చంపేది. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

"మైలేజీ పెరుగుతుంది" అనే మాటని లెక్కలో పెట్టి చూద్దాం. సీసా 300 రూపాయలు, 40 లీటర్లకి సరిపోతుంది అనుకుందాం. లీటరుకి ఏడున్నర రూపాయలు అదనం. డీజిల్ లీటరు 96 అనుకుంటే మందు కలిపాక 103.50 పడుతుంది. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటేనే డీజిల్ వాడకం 7 శాతానికి పైగా తగ్గాలి. లాభం మాట ఆ తర్వాత. 40 లీటర్లలో పోసే ఆ కాస్త ద్రవం నుంచి కొత్తగా శక్తేమీ పుట్టదు. ఇంజన్ బాగున్నప్పుడు అంత తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

"మా వాడికి తేడా కనిపించింది" అంటే కొట్టిపారేయకండి, కొలవమనండి. ఎదురీతకి ఒక ఖర్చు, వాలుకి ఒక ఖర్చు. గాలి, బరువు, ప్రవాహం రోజూ మారతాయి. ఒక్క ట్రిప్పు చూసి చెప్పడం అంటే ఒక్క టెస్ట్ కేస్ పాసయిందని కోడ్ సబ్మిట్ చేయడమే. ఒకే దారిలో, ఒకే బరువుతో, మందు వేసి పది ట్రిప్పులు, వేయకుండా పది ట్రిప్పులు తిప్పాలి. ప్రతిసారీ ట్యాంకు ఒకే గీత దాకా నింపి, ఎంత పట్టిందో రాసుకోవాలి. ఏ రోజు మందు వేశారో నడిపేవాడికి తెలియకూడదు.

పడవ ఇంజన్‌కి అసలు శత్రువు వేరే ఉంది: నీళ్ళు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఉంటుంది. రాత్రి చల్లబడగానే ఆ గాలిలోని తేమ గోడలకి చెమటలా పట్టి కిందికి జారుతుంది. మూత సరిగ్గా లేకపోతే వాన నీళ్ళు సరేసరి. నీళ్ళు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి. పడవ ఊగినప్పుడు అవి కదిలి డీజిల్‌తో పాటు ఇంజన్‌కి పోతాయి. పంపు, ఇంజెక్టర్ లోపలి భాగాలకి డీజిలే నూనె. దాని బదులు నీళ్ళు పోతే అరుగుదల, తుప్పు, చివరికి ఇంజన్ ఆగిపోవడం.

అంతటితో అయిపోదు. నీళ్ళు, డీజిల్ కలిసే అంచులో బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. అవి నీళ్ళలో బతుకుతూ డీజిల్‌ని తింటాయి. దీనికి "డీజిల్ బగ్" అనే పేరు కూడా ఉంది. మన కోడ్‌లో బగ్ ప్రోగ్రామ్‌ని ఆపుతుంది, ఇది ఫిల్టర్‌ని జిగురుతో మూసేసి పడవని ఆపుతుంది. నాలుగో రకం మందు దీనికే. కానీ చచ్చిన బూజు కరిగి మాయమైపోదు, అదే వచ్చి ఫిల్టర్‌లో ఇరుక్కుంటుంది. అడుగున నీళ్ళు వదిలేసి మందు పోస్తే బగ్ మళ్ళీ పుడుతుంది.

ఈ మందు ఎవరికి కావాలి? తూర్పు తీరంలో మర పడవలకి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. విశాఖ, కాకినాడ బోట్లు ఉక్కపోతలో కట్టేసి ఉంటాయి. అలాంటి ట్యాంకులకి కావాలి. మన దగ్గరా నెలల తరబడి పక్కన పెట్టేసే పడవలకి ఇదే వర్తిస్తుంది. కోతలయ్యాక షెడ్డులో నిలబడే వరి కోత మిషన్ల డీజిల్‌కీ ఇదే కథ. జనగామ, మహబూబాబాద్ మిత్రులు ఇంట్లో చెప్పొచ్చు.

పనిలో పెట్టాల్సిన క్రమం ఇది:

1. ఇంజన్‌ని పక్కన పెట్టే ముందు ట్యాంకు నిండా పోయించండి. గాలి తక్కువైతే చెమటా తక్కువ.
2. మళ్ళీ తీసేటప్పుడు ట్యాంకు అడుగు నుంచి కొంచెం డీజిల్‌ని గాజు సీసాలోకి పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. కింద నీటి పొర కనిపిస్తే అది పోయేదాకా అడుగు నుంచి వదిలేయండి.
3. ఫిల్టర్ మార్చండి. నీళ్ళని వేరుచేసే ఫిల్టర్ లేకపోతే పెట్టించండి.
4. జిగురు కనిపించినా, నెలల పాటు నిలవ ఉంచాల్సి వచ్చినా అప్పుడే సూక్ష్మజీవుల మందు, సీసా మీద రాసిన కొలత ప్రకారం. అది విషం, చేతికి గ్లౌజులు తప్పనిసరి. జిగురు ఉన్న ట్యాంకులో వేశాక స్పేర్ ఫిల్టర్ ఒకటి పడవలో ఉంచుకోండి.
5. పెట్రోల్ అస్సలు కలపొద్దు. డీజిల్ చాలా తొందరగా అంటుకునేలా తయారవుతుంది. నది మధ్యలో మంట లేస్తే పరిగెత్తడానికి చోటుండదు.

కొత్త సీసాకి 300 పెట్టే ముందు ఇంట్లో ఉన్న ఖాళీ గాజు సీసాతో రెండో పని చేసి చూడండి. ఖర్చు సున్నా. మిగిలిన డబ్బుని ఫిల్టర్‌కి పెట్టండి.