నీట్ రాయకుండా ఎండీఎస్ సీటా?

ప్రశ్న: బీడీఎస్ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేయాలని ఉంది. డబ్బు కడితే పరీక్ష లేకుండానే సీటు ఇప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. నమ్మవచ్చా?
- ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: నమ్మకండమ్మా. ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకైనా నీట్ ఎండీఎస్‌లో అర్హత, కౌన్సెలింగ్ తప్పనిసరి. ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు అఖిల భారత కోటావి, వాటిని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) భర్తీ చేస్తుంది. రాష్ట్ర కోటాకు మీరు ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీకి విడిగా దరఖాస్తు చేయాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

ముందు మీ ఇంటర్న్‌షిప్ ముగిసే తేదీని నోటిఫికేషన్‌లోని గడువుతో సరిచూసుకోండి. ఒక్కరోజు తేడా వచ్చినా ఏడాది పోతుంది. పరీక్షలో తప్పు జవాబుకు మార్కు కోత ఉంటుంది, గుడ్డిగా గుర్తులు పెట్టకండి. పాత ప్రశ్నపత్రాలు టైము పెట్టుకుని రాయండి.

ఆర్థో కోసం పోటీ ఎక్కువ. ర్యాంకు చాలకపోతే మనసుకు నచ్చని బ్రాంచిలో మూడేళ్లు గడపడం కంటే మళ్లీ రాయడమే మేలని నా అభిప్రాయం. కాలేజీ ఎంచుకునేముందు అక్కడి పీజీలను ఓపీకి ఎందరు రోగులు వస్తారో, స్టైపెండు చేతికి అందుతోందో అడగండి.

గడువు, రిజర్వేషన్ పత్రాలపై సందేహముంటే యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగాన్నే సంప్రదించండి. ఏజెంటుకు ఇప్పటికే డబ్బిచ్చి ఉంటే ఆలస్యం చేయక పోలీసులకు ఫిర్యాదు చేయండి.