కీబోర్డు కంట్రోలర్లను అమర్చుకొనుట

పఠనీయ భాగము: 1 కొరింథీయులకు 14:7–9



స్పష్టత లేని వాద్యము వినువారికి ప్రయోజనపడదని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను. ఆయన భాషలను గూర్చి చెప్పుచు ఈ పోలిక తెచ్చెను గాని, ఆరాధనలో వాద్యము వాయించువారికి ఇది నేరుగా తగిలెడు పాఠము.

మన కృష్ణా డెల్టా పల్లెలలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు హార్మోనియము చిరకాలము తోడుగా నుండెను. కుడిచేయి మెట్లమీద నుండగా ఎడమచేయి తిత్తిని ఆడించును. పల్లవి అందుకొనునప్పుడు గాలి హెచ్చును, ప్రార్థన వేళ తగ్గును. ఇప్పుడు విజయవాడలో కొనితెచ్చిన కీబోర్డు అనేక మందిరములలో ఆ స్థానము నాక్రమించినది. దీనికి తిత్తి లేదు. తిత్తి చేసిన పనిని ఇందులో కంట్రోలర్లు చేయవలెను. అవి సరిగా అమర్చబడనియెడల వాద్యము పాటను మ్రింగివేయును. కీర్తనలన్నియు కంఠస్థముగా నెరిగిన వృద్ధుల స్వరము ఎవరికిని వినబడదు.

మిడి అనగా నేమి?

ఇది వాద్యములు ఒకదానితో నొకటి మాటలాడు భాష. 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని అనహైము పట్టణమున, అమెరికా వాద్యమొకటి జపాను వాద్యమొకటి తీగతో కలుపబడి ఈ భాషలో మాటలాడెను. ఆ తీగలో ధ్వని పోదు, ఆజ్ఞలు మాత్రమే పోవును: ఫలాని మెట్టు నొక్కబడెను, ఇంత బలముతో నొక్కబడెను, విడువబడెను అని. ఈ ఆజ్ఞలు 16 ఛానెళ్లలో నడచును. ప్రతి కంట్రోలరునకు ఒక సంఖ్య గలదు. దాని విలువ 0 మొదలు 127 వరకు ఉండును.

మనకు ముఖ్యమైనవి నాలుగు. 1వది స్వరమునకు కంపనమిచ్చు చక్రము. 7వది మొత్తము శబ్దము. 11వది పాట నడుమ శబ్దమును హెచ్చించి తగ్గించునది. 64వది మెట్టు విడిచిన తరువాత కూడ స్వరమును నిలుపు పెడలు.

7కును 11కును గల భేదమును మన రైతులు సులభముగా గ్రహింతురు. ప్రకాశం బ్యారేజీ వద్ద కాలువకు విడిచిన నీటికి మించి చేని తూమునకు రాదు. అయినను ఆ లోపల తూమును కావలసినంత తెరువవచ్చును, మూయవచ్చును. 7 బ్యారేజీ వంటిది, 11 తూము వంటిది. హార్మోనియము తిత్తికి సరియైన ప్రతినిధి 11 యే.

అమర్చు క్రమము

1. మొదట వాద్యముతో వచ్చిన పుస్తకము చివర నుండు మిడి పట్టికను చూడుడి. ఏ కంట్రోలరును వాద్యము పంపునో, దేనిని అందుకొనునో అందులో గుర్తులుండును. పట్టికలో లేనిదానికొరకు వెదకుట వృథా.

2. రెండు వాద్యములను గాని, వాద్యమును కంప్యూటరును గాని కలిపినయెడల, పంపు ఛానెలును అందుకొను ఛానెలును ఒక్కటిగా నుంచుడి. 1991లో ఏర్పడిన జనరల్ మిడి నియమము ప్రకారము 10వ ఛానెలు తాళవాద్యములది. అందులో రాగము వాయించిన డప్పుల మోతయే వచ్చును.

3. వాద్యమునకు కరెంటు ఇచ్చునప్పుడు పెడలుపై కాలుంచవద్దు. అనేక వాద్యములు ఆ క్షణముననే పెడలు తీరును గుర్తించును. కాలుంచినచో అది తలక్రిందులై, త్రొక్కినప్పుడు స్వరము తెగి, విడిచినప్పుడు నిలుచును. అట్లయినచో వాద్యమును ఆపి, కాలు తీసి, మరల వెలిగించుడి.

4. 11ను నిండుగా 127కు తెచ్చి, సంఘము పాడుచుండగా 7ను సరిచేయుడి. ఒకరు వెనుక వరుసలో నిలిచి వినవలెను. ఖాళీ మందిరములో సరిపోయిన శబ్దము జనము నిండినప్పుడు మారును. తరువాత 7ను ముట్టక, 11 పెడలుతోనే పాటను నడిపించుడి.

5. కీర్తన మొదలుపెట్టకముందు 1వ చక్రమును సున్నకు దించుడి.

6. మెట్లు నొక్కినను శబ్దము రానియెడల వాద్యము చెడినదని భయపడవద్దు. "లోకల్" అను అమరిక ఆగియుండవచ్చును. దాని సంఖ్య 122. 127 తెరచుట, 0 మూయుట. కంప్యూటరుతో కలిపినప్పుడు ఒకే స్వరము రెండుసార్లు వినబడకుండుటకు దానిని మూయుదురు. తీగ తీసిన వెంటనే మరల తెరువవలెను.

7. అమర్చినదంతయు వాద్యపు జ్ఞాపకములో భద్రపరచుడి. భద్రపరచనిది కరెంటు పోయిన క్షణమున పోవచ్చును. ఆ సంఖ్యలను కాగితముపై వ్రాసి వాద్యపు సంచిలో నుంచినచో, వాయించువాడు ఊరిలో లేనినాడు మరియొకడు దిక్కుతోచక నిలువడు.

ఇది యంత్రపు పని, ఆరాధన కాదని కొందరనవచ్చును. కాని వాద్యము సంఘపు పాటకు పరిచారము చేయునది. పరిచారకుని స్వరము యజమానుని స్వరమును మించకూడదు. శనివారము సాయంత్రము అరగంట ఈ పనికి ఇచ్చినయెడల, ఆదివారము ఉదయమున ఒక పల్లె సంఘము తన గొంతును తాను వినగలదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ మందిరములో వెనుక వరుసవారికి ముందుగా వినబడునది వాద్యమా, పాటయా?

2. 7కు బదులు 11ను వాడుటవలన కలుగు మేలేమి?

3. మీ వాద్యపు అమరికలను ఎరిగినవారు ఎందరున్నారు? రెండవ వానికి ఎవరు నేర్పుదురు?