పిడికిలితో ఆట మార్చిన పాలీ ఫార్మర్

ఈసారి ఆటల పేజీ నాకిచ్చారు. క్రికెట్ గురించి రాయమని అందరూ అన్నారు గానీ, మనలాగే ఇంటికి దూరంగా పెరిగిన ఒక ఆదివాసీ ఆటగాడి గురించి రాస్తున్నాను. ఆయన పేరు గ్రాహం ఫార్మర్. చిన్నప్పుడు చిలకలాగా వాగేవాడని ‘పాలీ’ అని పిలిచేవారు. ఆ పేరే నిలిచిపోయింది.

ముందు ఆట సంగతి. ఇది ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్. మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. జట్టుకి 18 మంది. మైదానానికి రెండు కొసల్లో నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1 పాయింటు. బంతిని చేత్తో విసరకూడదు. కాలితో తన్నాలి, లేదంటే ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి మనవాడికి అందించాలి. దీన్నే హ్యాండ్‌బాల్ అంటారు.

ఫార్మర్ 1935లో పశ్చిమ ఆస్ట్రేలియాలో పుట్టాడు. తల్లి నూంగార్ అనే ఆదివాసీ జాతి మనిషి. ఆ రోజుల్లో అక్కడి ప్రభుత్వం ఎంతోమంది ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర నుండి వేరు చేసేది. ఈయన పెర్త్ నగరంలో సిస్టర్ కేట్ అనే ఆమె పెట్టిన పిల్లల గృహంలో పెరిగాడు. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమ కాలు కొంచెం పొట్టిదైపోయింది. అయినా ఆట మానలేదు.

1953లో ఈస్ట్ పెర్త్ జట్టులో చేరాడు. ఆయనది ‘రక్’ స్థానం. అంటే అంపైరు బంతిని పైకి లేపినప్పుడు, ఎదుటివాడి కంటే ఎత్తుకి ఎగిరి తనవాళ్ళ వైపు తట్టాలి. అప్పట్లో తన్నడానికి వీల్లేకపోతేనే హ్యాండ్‌బాల్ చేసేవారు. ఫార్మర్ మాత్రం దాన్నే ఆయుధం చేసుకున్నాడు. తెరిచిన కారు కిటికీలోంచి బంతి పోయేలా పిడికిలితో కొట్టి సాధన చేశాడు. 1956లోనూ 1960లోనూ ఆ రాష్ట్ర ఉత్తమ ఆటగాడికిచ్చే శాండోవర్ పతకం గెలిచాడు.

1962లో విక్టోరియా రాష్ట్రంలోని జీలాంగ్ జట్టుకి వెళ్ళాడు. మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతింది. మరుసటి ఏడు, 1963లో, ఆ జట్టు కప్పు గెలిచింది. తరవాత దానికే కెప్టెన్ అయ్యాడు. ఇంకో సంగతి చూడండి. దేశ జనాభా లెక్కలో ఆదివాసీలను కలపకూడదన్న నియమం 1967 దాకా అక్కడి రాజ్యాంగంలో ఉండేది. లెక్కలో లేని జాతి మనిషి జట్టుకి నాయకుడు!

1968లో పెర్త్‌కి తిరిగొచ్చి వెస్ట్ పెర్త్ జట్టుకి ఆటగాడూ కోచ్‌ కూడా తానే అయ్యాడు. 1969లో, 1971లో కప్పు తెచ్చాడు. రెండు ఫైనల్స్‌లోనూ ఓడింది తన పాత జట్టు ఈస్ట్ పెర్త్! 1973 నుండి 1975 వరకు జీలాంగ్‌కి కోచ్. విక్టోరియా లీగులో కోచ్ అయిన మొదటి ఆదివాసీ ఆయనే. కప్పు మాత్రం రాలేదు. గొప్ప ఆటగాడు కోచ్ అయితే ప్రతిసారీ గెలుస్తాడని లేదు. కానీ ఆయన చూపిన హ్యాండ్‌బాల్ ఇప్పుడు ఆ ఆటలో అందరూ నేర్చుకునేదే.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ముసలితనంలో ఆయనకి మతిమరుపు జబ్బు వచ్చింది. 2019 ఆగస్టులో 84 ఏళ్ళ వయసులో చనిపోయాడు. తలకి పదే పదే దెబ్బలు తగిలితే వచ్చే జబ్బు ఆయన మెదడులో ఉందని 2020లో డాక్టర్లు తేల్చారు. కాబట్టి కబడ్డీలో తలకి దెబ్బ తగిలితే దాచిపెట్టకండి. వెంటనే సారుకి చెప్పండి.

ఇది రాస్తుంటే నాకు సిగ్గేసింది. కిందటి వారం జట్లు వేసుకునేటప్పుడు, కుంటుతూ నడిచే తమ్ముణ్ణి “నువ్వు బంతి తెచ్చిపెట్టురా” అని పక్కన కూర్చోబెట్టింది నేనే. వాడు ఏమీ అనకుండా కూర్చున్నాడు. వాడి చేతుల్లో ఏముందో నేను అడగనైనా అడగలేదు. రేపు సాయంత్రం మొదట పిలిచేది వాడి పేరే.

ఆలోచించండి:
1. హ్యాండ్‌బాల్‌కీ విసరడానికీ తేడా ఏమిటి?
2. ఫార్మర్ కోచ్‌గా ఏ ఏ జట్టుతో కప్పు గెలిచాడు?
3. మన జట్టులోంచి మనం ఎవర్ని వదిలేశాం?

– 9వ తరగతి విద్యార్థి