మితస్వర గానము

మన ప్రార్థన మందిరమందలి పియానోయు, సంగీతపు తరగతిలోని హార్మోనియమును చూపునకు అన్నదమ్ములవలె నుండును. తెల్లమెట్లు, నల్లమెట్లు రెంటికిని ఒకటే వరుస. కాని హార్మోనియము నేర్చిన విద్యార్థి పియానో ముందు కూర్చుండగానే వానికొక చిక్కు కలుగును. హార్మోనియము మెట్టును నొక్కి, తిత్తి నాడించుచున్నంతసేపు స్వరము తరుగక నిలిచియుండును. పియానో మెట్టును నొక్కినచో లోపల ఉన్ని తొడిగిన చిన్న సుత్తి తీగెను కొట్టి వెంటనే వెనుకకు పోవును. ఆ క్షణమున స్వరము పుట్టును. ఆ క్షణముననే తరుగ నారంభించును. వాయించువాడు మెట్టును ఎంత గట్టిగ నొక్కిపట్టినను తరుగుచున్న స్వరమును నిలుపజాలడు.

ఇది ఆ వాద్యమునకు లోపమని తలచి పెక్కుమంది వాదకులు దానిని కప్పిపుచ్చుటకే పాటుపడిరి. స్వరముపై స్వరమును త్వరత్వరగ వేయుచు, ఒకటి నశించుచున్నదని వినువానికి తెలియకుండ చేయుదురు. అట్లు గాక, స్వరము నశించుటనే వినిపింపవలెనని వ్రాసినవారు కొలదిమంది గలరు. వారి రచనలు చిన్నవి, స్వరములు కొలది, నడక మందము, భావము విషాదము. అట్టి మూడు రచనలను గూర్చి యిచ్చట వ్రాయబూనితిమి.

మేము వీనిని తెలిసికొన్న విధము మాకు గౌరవము తెచ్చునది కాదు. కొన్ని సంవత్సరములకు పూర్వము వీడ్కోలు సభలో పై తరగతి బాలుడొకడు పియానోపై ఏదియో వాయించెను. ఎడమచేతితో ఒక స్వరము, పిదప ఒక స్వరసమూహము, పిదప నిరీక్షణ, మరల అంతే. సభలో దగ్గులు, గుసగుసలు బయలుదేరెను. బాలునికి పాఠము రాలేదనుకొని మేము లేచి ముగింపుమని సైగ చేసితిమి. అతడు నడుమనే చేతులు తీసి, నమస్కరించి దిగిపోయెను. ఆ సంవత్సరమే అతని తల్లి ప్రభువునందు నిద్రించినదని మాకు తెలియును. ఆమె భూస్థాపనకు మేమును వెళ్లియుంటిమి. అయినను ఆ రెండు సంగతులు మా మనస్సున కలియలేదు. కొన్ని నెలల తరువాత ఒక స్నేహితుని యింట ఆ గానమునే విని, అది యేమని అడిగితిమి. ఎరిక్ సాతీ రచించిన మొదటి జిమ్నోపెదీ యని చెప్పిరి. బాలుడు తప్పు లేకుండ వాయించెను. వినలేనివారము మేము.

సాతీకి ముందు షోపెన్‌ను గూర్చి కొంచెము చెప్పవలెను. పోలెండు దేశమున జన్మించి పారిసు నగరమున స్థిరపడిన ఈయన 1839లో ప్రకటించిన ఇరువదినాలుగు ప్రెల్యూడులలో నాలుగవది ఇ మైనరునందున్నది. ఇరువదియైదు గదులు మాత్రమే దాని పొడవు. కుడిచేయి చాలసేపు పక్కపక్కనున్న రెండు స్వరములనే పట్టుకొని యుండగా, ఎడమచేతి స్వరసమూహములు ఒక్కొక్క అర్ధస్వరము చొప్పున క్రిందికి జారుచుండును. ముగియుటకు కొంచెము ముందు అంతయు ఆగిపోవును. ఆ నిశ్శబ్దము తరువాత మూడే స్వరసమూహములు, మిక్కిలి మెల్లగ. 1849 అక్టోబరు 30వ తేదీన పారిసులోని మదలేను దేవాలయమున షోపెన్ శవసంస్కారారాధన జరిగినపుడు దీనిని ఆర్గనుపై వాయించిరి. ఆర్గను స్వరము మన హార్మోనియమువలె తరుగనిది గదా! ఘనతకు అది తగియుండవచ్చును గాని, ఆ రచన ప్రాణము పియానో తీగెలలోనే యున్నదని మా యభిప్రాయము.

ఎరిక్ సాతీ 1866లో ఫ్రాన్సు దేశమందలి ఓన్‌ఫ్లోర్ అను రేవుపట్టణమున జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొనెను. 1879లో పారిసు సంగీత కళాశాలలో చేర్పింపగా, అచ్చటి ఉపాధ్యాయులు అతనిని సోమరియని నిర్ణయించిరి. చాలినంత ప్రగతి లేదని పంపివేసిరి. 1888లో, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, ఆ సోమరియే మూడు జిమ్నోపెదీలను రచించెను. ఆ పేరు ప్రాచీన స్పార్టా పట్టణపు పండుగనుండి గ్రహింపబడినది. మూడింటిపైనను వాదకునికి సూచనలు గలవు. మొదటిది మెల్లగ, వేదనతో. రెండవది మెల్లగ, విచారముతో. మూడవది మెల్లగ, గంభీరముగ వాయింపవలెను.

మొదటి దాని నిర్మాణమును పిల్లలు సయితము గ్రహింపగలరు. తాళము మూడు మాత్రలది. మొదటి మాత్రకు ఎడమచేయి లోతైన స్వరము నొకదానిని వేయును. రెండవ మాత్రకు పైనున్న స్వరసమూహమును మృదువుగ తాకును. మూడవ మాత్రకు ఆ చేయి ఏమియు కొట్టదు. ఆ ఖాళీ మాత్రలో మనము వినవలసినది రెండవ మాత్రనాటి ధ్వని తరుగుటయే. నాలుగు గదులు ఇట్లు గడచిన పిమ్మటగాని కుడిచేతి పాట ప్రవేశింపదు. ఆ ప్రవేశమును సయితము మొదటి మాత్రకు గాక రెండవ మాత్రకు చేయును, ఆలస్యముగ వచ్చి వెనుక బల్లపై కూర్చున్న బాలునివలె. మేము సైగ చేసిన బాలుడు ఆ ఖాళీ మాత్రను న్యాయముగ ఇచ్చుచుండెను. మేమది మతిమరుపు అనుకొంటిమి.

సాతీ మిత్రుడగు ద్యుబుసీ 1896లో వీనిలో రెంటిని వాద్యబృందమునకు అమర్చెను. అది వినసొంపైనదే. కాని వయొలీనులు స్వరమును నిలిపియుంచును గనుక, తరుగుట యను అసలు సంగతి మరుగుపడుచున్నది.

1898లో సాతీ పారిసు వెలుపలనున్న ఆర్కోయి గ్రామమున ఒక చిన్న గదిలో నివాసమేర్పరచుకొనెను. తరచుగ నగరమునకు కాలినడకనే పోయి వచ్చుచుండెను. ముప్పదితొమ్మిదవ యేట, 1905లో, స్కోలా కాంతోరుం అను పాఠశాలలో మరల విద్యార్థిగ చేరి, తనకంటె చిన్నవారితో కూర్చుండి, 1908లో యోగ్యతాపత్రము పొందెను. పరీక్ష తప్పిన విద్యార్థుల తలిదండ్రులు ఈ వాక్యమును రెండవసారి చదువుదురు గాక. 1925 జూలై 1వ తేదీన అతడు మరణించెను. అంతవరకు ఇరువదియేడేండ్లపాటు ఆ గదిలోనికి మిత్రులెవ్వరిని రానిచ్చి యుండలేదు.

మూడవ రచన మనకు దగ్గరి కాలములోనిది. ఎస్తోనియా దేశస్థుడగు ఆర్వో పేర్ట్ 1935లో జన్మించెను. బాల్యమున అతని యింటనున్న పియానో నడిమి భాగము చెడిపోయియుండుటచే, పైకొస మెట్లతోను క్రిందికొస మెట్లతోను తన ప్రయత్నములు సాగించెనని చెప్పుదురు. అప్పుడు ఆ దేశము సోవియెట్ ప్రభుత్వము క్రింద నుండెను. 1968లో యేసుక్రీస్తునందలి విశ్వాసమును లాటిను భాషలో ఒప్పుకొను "క్రెడో" అను రచనను అతడు వినిపింపగా అధికారులకు ఆగ్రహము కలిగెను. పిమ్మట ఎనిమిదేండ్లు అతడు వ్రాసినది స్వల్పము. ప్రాచీన దేవాలయ గానమును, ఒంటి కంఠముతో పాడు గ్రెగోరియను కీర్తనలను, పాఠశాల పిల్లవానివలె దిద్దుకొనుచుండెను. 1972లో ఆర్థడాక్సు సంఘమున చేరెను. 1976లో ఆ మౌనమునుండి బయటికి వచ్చిన మొదటి రచన "ఫ్యూర్ అలీనా", అనగా అలీనా కొరకు.

అలీనా ఒక పరిచిత కుటుంబపు కుమార్తె. ఆమె ఇంగ్లండునందుండెను, తల్లి ఎస్తోనియాలో మిగిలెను. సోవియెట్ సరిహద్దును దాటి రాకపోకలు సులభము కాని దినములవి. హాస్టలునకు బిడ్డను పంపి రైలు కదలువరకు నిలుచుండు తల్లులకు ఇంతకంటె వివరింప నక్కరలేదు.

రచన రెండు పుటలు. గదికి మాత్రల లెక్క లేదు. స్వరములకు తోకలు లేవు. ఎంతసేపు నిలుపవలెనో వాదకుడే విని నిర్ణయించుకొనవలెను. మొదట మిక్కిలి లోతునున్న బి స్వరమును కొట్టి, పెడలును త్రొక్కిపట్టవలెను. పెడలు త్రొక్కగా తీగెలనణచు దిండ్లన్నియు పైకి లేచును. ఒక తీగె మ్రోగగా దానికి సంబంధించిన ఇతర తీగెలు తాకకయే కంపించును. (దీనిని పై తరగతివారు పరీక్షింపవచ్చును. నడిమి సి మెట్టును ధ్వని రాకుండ మెల్లగ అణచిపట్టి, దాని క్రింది స్థాయి సి మెట్టును ఒక్కసారి గట్టిగ కొట్టి విడువుడు. కొట్టని తీగె పలుకుట వినబడును.) ఆ మ్రోతపైన, ఎత్తైన స్థాయిలో, రెండు చేతులును ఒకేసారి ఒక్కొక్క స్వరము చొప్పున వేయును. గదిగదికిని ఒక్కొక్క స్వరము పెరిగి, నడుమకు వచ్చిన పిమ్మట మరల తగ్గును.

కుడిచేయి బి మైనరు శ్రేణిలో సంచరించును. మన సంగీతజ్ఞులు దీనిని నఠభైరవి మేళపు స్వరములని గుర్తింతురు. ఎడమచేతికి మాత్రము అంత స్వేచ్ఛ లేదు: బి, డి, ఎఫ్-షార్పు, అనగా ఆ మేళపు స, గ, ప స్వరములు మాత్రమే. కుడిచేయి ఎచ్చటికి పోయినను, ఎడమచేయి ఆ మూడింటిలో నొకదానితో దాని క్రిందనే నిలుచును. మనకు తంబుర తలపునకు వచ్చును. పోలిక కొంతవరకే. తంబుర గాయకుడు ఏమి పాడినను తన ప్రకారమే మ్రోగుచుండును. ఈ ఎడమచేయి ప్రతి స్వరమునకును వెంట నడచును. పేర్ట్ ఈ విధానమునకు చిరుగంట యను అర్థమునిచ్చు లాటిను పదమునుండి "తింతిన్నాబులి" అని పేరిడెను. తిరుగాడు స్వరము మన పాపములవంటిదనియు, వెంటనుండు స్వరము క్షమాపణవంటిదనియు అతడే వివరించియున్నాడు. ముగింపునకు సమీపించుచుండగా ఒక్క చోట మాత్రము ఎడమచేయి నియమము తప్పి సి-షార్పును తాకును. ఆ ఒక్క స్వరము ఎందుకని అడుగుదురు విద్యార్థులు. మేము విన్నప్పుడెల్ల, నిబ్బరముగ సాగనంపుచున్న తల్లికి ఒక్క క్షణము గొంతు పట్టినట్లు తోచుచున్నది.

ఈ మూడింటిని నేడు చేతిలోని ఫోనునందే వినవచ్చును. అయితే బజారు చప్పుడులో వినుట వ్యర్థము. తరుగు భాగమంతయు ఆ చప్పుడు మ్రింగివేయును. దీపములార్పిన పిమ్మట వినుడు. వాయింపగోరువారు "అలీనా"తో మొదలుపెట్టవలెనని మా సలహా. స్వరములు రెండవ యేడు విద్యార్థికి సులభములే, నిలుపుటయే కష్టము.

మన మందిరపు పియానోలో నడిమి సి క్రిందనున్న జి, ఎ మెట్లు రెండును నిరుటి వర్షాకాలమునుండి పలుకుట లేదు. మరమ్మతుదారు పట్టణమునుండి రావలసియున్నాడు. "అలీనా"కు ఆ రెండు మెట్లతో పని లేదు. శనివారము సాయంకాలము మందిరము తెరచియుంచెదము.