మూడు కొటేషన్లు, ఒక ఈతకొలను: ధర చూసే ముందు చేయాల్సిన లెక్కలు

పెరట్లోనో, ఊరి బయట ఫామ్‌హౌస్‌లోనో ఈతకొలను కట్టించుకోవాలనుకునే కుటుంబం సాధారణంగా ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లను పిలుస్తుంది. వాళ్లు వచ్చి స్థలం కొలుచుకుని వెళ్తారు. కొద్దిరోజుల్లో కొటేషన్లు అందుతాయి. ఇంట్లో అందరి చూపూ నేరుగా చివరి వరుసలో ఉన్న మొత్తం మీదకే వెళ్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, అంటే సుమారు 26 అడుగులకు 13 అడుగుల కొలను. మొదటి కాంట్రాక్టర్ 9 లక్షల 60 వేలు, రెండో ఆయన 12 లక్షల 40 వేలు, మూడో ఆయన 13 లక్షల 20 వేలు అడిగారనుకుందాం. ఈ ధరలు లెక్క కోసం అనుకున్నవే. మొదటిదాని కంటే రెండోది 29 శాతం ఎక్కువ. మరి రెండో కాంట్రాక్టర్ ఎక్కువ లాభం వేసుకున్నాడా? లేక మొదటాయన చెబుతున్నది అసలు ఈ కొలను కాదా? దీనికి జవాబు ధరల పట్టికలో దొరకదు. హైస్కూలు భౌతికశాస్త్రంలో దొరుకుతుంది.

ముందు లీటర్లలోకి మార్చాలి

చాలా కొటేషన్లలో ధర నీటి ఉపరితల వైశాల్యాన్ని బట్టి, చదరపు అడుగుకు ఇంత అని ఉంటుంది. అందులో లోతు కనిపించదు. మన ఉదాహరణలో మొదటి కాంట్రాక్టర్ అంతటా 1.2 మీటర్ల లోతు రాశాడు. మిగతా ఇద్దరూ ఒకవైపు 1.2 మీటర్లు, రెండోవైపు 1.6 మీటర్లు రాశారు. అంటే సగటున 1.4 మీటర్లు.

మొదటి కొలనులో పట్టే నీరు 8 × 4 × 1.2, అంటే 38.4 ఘనమీటర్లు లేదా 38,400 లీటర్లు. మిగతా రెండింటిలో 44,800 లీటర్లు. తేడా 6,400 లీటర్లు. ఒక 5,000 లీటర్ల ట్యాంకర్ కంటే ఎక్కువే. ధరను లీటర్లతో భాగిస్తే మొదటిది లీటరుకు 25 రూపాయలు, రెండోది 27 రూపాయల 70 పైసలు, మూడోది 29 రూపాయల 50 పైసలు. 29 శాతంగా కనిపించిన తేడా 11 శాతానికి తగ్గింది.

ఖర్చు పూర్తిగా లీటర్లను బట్టే పెరగదు. పంపు, ఫిల్టర్, లైట్లు చిన్న కొలనుకైనా కావాలి. కాబట్టి ఇది మొదటి జల్లెడ మాత్రమే. అసలు తేడా మట్టి కిందా, టైల్స్ వెనకా దాగి ఉంటుంది.

ఖాళీ కొలను పడవలా తేలుతుంది

కొలను అంటే నీటిని లోపల పట్టుకునే తొట్టె అనే అనుకుంటాం. వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చినప్పుడు అదే తొట్టె నీళ్లలో పెట్టిన పడవ అవుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం, అది పక్కకు నెట్టిన నీటి బరువుకు సమానమైన బలం దాన్ని పైకి తోస్తుంది.

రెండో కొటేషన్‌లోని కొలనుకు గోడలు, అడుగు 20 సెంటీమీటర్ల మందం ఉన్నాయనుకుందాం. లెక్క తేలికగా ఉండేందుకు లోతు అంతటా 1.4 మీటర్లే అనుకుందాం. అప్పుడు మొత్తం కాంక్రీటు సుమారు 14.3 ఘనమీటర్లు. ఇనుము కలిసిన కాంక్రీటు ఘనమీటరుకు దాదాపు 2.5 టన్నులు తూగుతుంది. అంటే ఖాళీ కొలను బరువు సుమారు 36 టన్నులు. నీటిమట్టం నేల దాకా వస్తే ఈ కొలను నెట్టే నీరు 8.4 × 4.4 × 1.6, అంటే 59 టన్నులు. పైకి తోసే బలం కొలను బరువు కంటే 23 టన్నులు ఎక్కువ. నీళ్లు అంత పైకి రానక్కర్లేదు కూడా. కొలను అడుగు నుంచి ఒక మీటరు ఎత్తుకు చేరితే చాలు, రెండు బలాలూ సమానమవుతాయి. చుట్టూ ఉన్న మట్టి కొంతవరకు పట్టి ఉంచుతుంది. కానీ నానిన మట్టిని నమ్ముకోలేం. ఫైబర్‌గ్లాస్ తొట్టె కాంక్రీటు కంటే ఎంతో తేలిక కాబట్టి ఈ ప్రమాదం దానికి మరీ ఎక్కువ.

కొలను నిండుగా ఉన్నప్పుడు ఈ భయం లేదు. వానాకాలంలో శుభ్రం చేద్దామని మొత్తం నీరు తోడేసినప్పుడే అడుగు పగలడం, తొట్టె ఒకవైపు లేవడం జరుగుతాయి. దీనికి విరుగుడు అడుగు కింద కంకర పొర, అందులో చేరిన నీటిని బయటకు తోడే ఏర్పాటు, కింది పీడనం పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్. వీటి ఖర్చు మొత్తం పనిలో చిన్న భాగమే. అయితే కొలను కట్టాక వీటిని పెట్టాలంటే అడుగు పగలగొట్టాలి. చుట్టుపక్కల బావుల్లో వానాకాలంలో నీళ్లు ఎంత పైకి వస్తాయో కాంట్రాక్టర్ అడగకుండానే ధర చెప్పాడంటే, ఈ లెక్క చేయలేదని అర్థం.

మట్టి రకాన్ని కూడా కొటేషన్‌లో చూడాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకచోట బండరాయి తగిలితే, కొంత దూరంలోనే నల్లరేగడి ఉంటుంది. నల్లరేగడిలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా కట్టిన అడుగు ఏటా లేస్తూ దిగుతూ ఉంటుంది. ఆ మట్టిని తగినంత లోతు తీసేసి, మొరం నింపి, దిమ్మిస కొట్టాలి. ఇక ‘రాయి తగిలితే అదనం’ అనే మాట దాదాపు ప్రతి కొటేషన్‌లోనూ కనిపిస్తుంది. ఘనమీటరుకు ఎంత అదనమో రాయించుకోకపోతే తక్కువ ధర కాస్తా తవ్వకంలోనే కరిగిపోతుంది. ముందే ఒక గుంత తవ్వించి చూసుకుంటే కింద ఏముందో సగం తెలిసిపోతుంది.

లోతు కొంచెం పెరిగితే గోడ పని చాలా పెరుగుతుంది

నీటి పీడనం లోతుతోపాటు పెరుగుతుంది. 1.6 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు గోడ మీద 1.6 టన్నుల బరువుతో సమానమైన ఒత్తిడి ఉంటుంది. గోడను అడుగు దగ్గర వంచే ప్రభావం లోతు మూడో ఘాతాన్ని అనుసరిస్తుంది. 1.2 మీటర్ల గోడతో పోలిస్తే 1.6 మీటర్ల గోడకు ఆ ప్రభావం సుమారు 2.4 రెట్లు. కొలను ఖాళీ అయినప్పుడు బయటి మట్టి, నీరు ఇదే గోడను లోపలికి తోస్తాయి. అందుకే ఇనుము ఎంత మందం, ఎంత ఎడం, ఒక వరుసా రెండు వరుసలా అన్నది రాసి ఉండాలి. ‘మంచి క్వాలిటీ స్టీల్’ అన్న మాటతో ఏ లెక్కా చేయలేం.

కాంక్రీటు గ్రేడు కూడా అంతే. నీటిని నిల్వచేసే కాంక్రీటు కట్టడాల కోసం ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3370, ఇనుము వేసిన కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు ఉండాలంటుంది. ఇందులో 30 అంటే 28 రోజుల తర్వాత చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకునే బలం. ఇళ్లకు మామూలుగా వాడే ఎం20తో కొలను కడితే ధర తగ్గుతుంది. కానీ ఇక్కడ బలం ఒక్కటే కాదు, నీరు ఇంకకపోవడం ముఖ్యం. కలిపేటప్పుడు నీరు ఎక్కువైతే, అది ఆవిరయ్యాక కాంక్రీటులో సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిగుండా నీరు ఇనుమును చేరి తుప్పు పట్టిస్తుంది. పైన వేసే వాటర్‌ప్రూఫింగ్ పూత ఈ లోపాన్ని కొంతకాలం దాచిపెట్టగలదు, సరిచేయలేదు.

పంపు ధర కాదు, పంపు బిల్లు

కొటేషన్‌లో పంపు ధర ఉంటుంది. అది వాడుకునే కరెంటు ఉండదు. 44,800 లీటర్ల నీటిని 6 గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా పంపాలంటే గంటకు సుమారు 7,500 లీటర్లు కదలాలి. ఇందుకు 1.1 కిలోవాట్ల పంపు వాడితే రోజుకు 6.6 యూనిట్లు, నెలకు దాదాపు 200 యూనిట్లు అవుతాయి.

మన ఉదాహరణలో మూడో కాంట్రాక్టర్ వేగం మార్చుకోగల పంపు పెట్టాడు. పంపు వేగం సగానికి తగ్గిస్తే ప్రవాహం సగమవుతుంది. అవసరమైన శక్తి మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అదే నీటిని తిప్పడానికి రెట్టింపు సేపు నడపాల్సి వచ్చినా ఖర్చయ్యే విద్యుత్తు నాలుగో వంతే. వాస్తవంలో మోటారు నష్టాల వల్ల అంత ఆదా రాదు కాబట్టి మూడో వంతు అనుకుందాం. నెలకు 130 యూనిట్లకు పైగా మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 12 వేల పైచిలుకు. రెండో, మూడో కొటేషన్ల మధ్య ఉన్న 80 వేల తేడా ఆరేళ్లు దాటిన కొద్దికాలానికే తిరిగి వస్తుంది.

పైపుల లెక్క ఇంకా ఆసక్తికరం. ఒకే ప్రవాహానికి ఘర్షణ నష్టం పైపు వ్యాసం అయిదో ఘాతానికి దాదాపు విలోమంగా మారుతుంది. ఒకటిన్నర అంగుళాల పైపు బదులు రెండు అంగుళాలది వేస్తే ఆ నష్టం సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. పైపుకు పెట్టే అదనపు ఖర్చు కొద్దిగానే ఉంటుంది. నేలలో పూడ్చాక మార్చుకోవడం మాత్రం కష్టం.

నీరు, క్లోరిన్

32 చదరపు మీటర్ల ఉపరితలం నుంచి ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే 256 లీటర్లు పోయినట్టే. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రణాళికా ప్రమాణంతో చూస్తే ఇది దాదాపు ఇద్దరి వాడకం. బోరు ఎండిపోయే ఊళ్లో ఇది ట్యాంకర్ ఖర్చు అవుతుంది. వాడనప్పుడు నీటిమీద కప్పే కవర్ ఈ నష్టంలో ఎక్కువ భాగాన్ని ఆపుతుంది. అది కొటేషన్‌లో ఉందో లేదో చూడాలి.

‘ఉప్పునీటి సిస్టమ్, క్లోరిన్ అక్కర్లేదు’ అని కొందరు చెబుతారు. అది నిజం కాదు. లీటరుకు 3 నుంచి 4 గ్రాముల ఉప్పు కలిపిన నీటిని విద్యుద్విశ్లేషణ చేసి ఆ యంత్రం తయారుచేసేది క్లోరినే. డబ్బాలో కొనే క్లోరిన్ ఇంట్లోనే తయారవుతుందన్నమాట. ఏ పద్ధతిలోనైనా నీటి పీహెచ్ చూసుకోక తప్పదు. క్రిములను చంపేది ప్రధానంగా హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం ఆ రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే అది పావు వంతుకు పడిపోతుంది.

ఎక్కడా తగ్గించకూడని పద్దులు

అడుగున ఒకే డ్రెయిన్ ఉండి, దాన్ని పిల్లవాడి వీపు మూసేస్తే ఏమవుతుంది? పంపు 0.3 వాతావరణ పీడనంతో పీల్చినా, 20 సెంటీమీటర్ల వ్యాసమున్న రంధ్రం మీద దాదాపు 95 కిలోల బరువుతో సమానమైన పట్టు ఏర్పడుతుంది. పెద్దవాళ్లు లాగినా రాదు. అందుకే ఎడంగా రెండు డ్రెయిన్లు ఒకే పైపుకు కలిపి ఉండాలి. వాటి మూతలు ఉబ్బెత్తుగా ఉండి, బిగించి ఉండాలి. ఒకటి మూసుకుపోయినా నీరు రెండోదానిలోంచి వస్తుంది. నీటిలోపలి లైట్లు 12 వోల్టులవే అయి ఉండాలి. వాటి ట్రాన్స్‌ఫార్మర్ కొలనుకు దూరంగా ఉండాలి. పంపు, లైట్ల లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ తప్పనిసరి.

ప్రపంచవ్యాప్తంగా చిన్నపిల్లల మరణాలకు ప్రధాన కారణాల్లో మునక ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొలను చుట్టూ కనీసం 1.2 మీటర్ల కంచె, దానంతటదే మూసుకునే గేటు చాలా కొటేషన్లలో ఉండవు. అందం చెడుతుందని ఇంటివాళ్లే వద్దనడమూ ఉంది. ఈ ఒక్క పద్దులో ఆదా చేయకూడదు.

ఒకే కాగితం, ముగ్గురికీ

మూడు కొటేషన్లనూ పోల్చగలగాలంటే ముగ్గురూ ఒకే ప్రశ్నలకు జవాబివ్వాలి. లోతు, లీటర్లు, మట్టి రకం, రాయి తగిలితే రేటు, గోడ మందం, ఇనుము వివరం, కాంక్రీటు గ్రేడు, క్యూరింగ్ రోజులు, అడుగు కింది ఏర్పాటు, పైపు వ్యాసం, పంపు శక్తి, డ్రెయిన్లు, విద్యుత్ రక్షణ, కంచె, జీఎస్టీ కలిపా విడిగానా అన్నవన్నీ ఒక కాగితం మీద రాసి ముగ్గురికీ ఇవ్వాలి. ఎవరు ఏ గడి ఖాళీగా వదిలారో చూడాలి.

చివరిగా ఒక షరతు రాయించుకోవాలి. టైల్స్ వేయకముందే కొలను నింపి, కొన్నిరోజులు చూశాకే తర్వాతి వాయిదా డబ్బు ఇస్తామని. ఆ పరీక్షకు ఒక బకెట్ చాలు. కొలను నీటితోనే నింపిన బకెట్‌ను మెట్టు మీద సగం మునిగేలా పెట్టి, పంపు ఆపి, లోపలి నీటిమట్టం, బయటి నీటిమట్టం గుర్తు పెట్టుకోవాలి. 24 గంటల తర్వాత రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరి. కొలనులో ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. టైల్స్ ఇంకా వేయలేదు కాబట్టి అప్పుడు సరిచేయడం తేలిక.

మన ఉదాహరణలో మొదటి కాంట్రాక్టర్ మోసం చేశాడని చెప్పలేం. ఆయన ధర చెప్పింది లోతు తక్కువైన మరో కొలనుకు. గడులన్నీ నింపి, అదే లోతుకు లెక్కకట్టి ఇచ్చాక కూడా ఆయన ధరే తక్కువగా ఉంటే, అప్పుడు అది నిజంగా తక్కువ ధర.